హెడ్డు విప్పేముందు

అలా పానాలన్నీ గుడ్డ మీద సైజుల వారీగా పేర్చుకుని కూర్చుంటే పని తెలిసినట్టేనా? ఆగండి. ఆ బోల్టు మీద చెయ్యి వేశారంటే ఊరుకోను. ఆదివారం పూట ఇంజన్ హెడ్డు విప్పి పెడితే, రేపు స్కూలు పిల్లల్ని నేను భుజాన మోసుకెళ్లాలా?

రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతున్నాయన్నాను. అంతే కదండీ నేనన్నది. వ్యాను నడిపేది నేను, రోజూ నీళ్లు పోసుకునేది నేను. మీరేమన్నారు? ఏసీ తగ్గించు, గేరు సరిగ్గా మార్చు, ఎత్తు ఎక్కేటప్పుడు తొందరపడకు. అంటే ఆ నీళ్లు నేనే తాగేస్తున్నానన్నమాట.

తర్వాత మూత మార్చారు. అయిపోయింది పో అన్నారు. కాలేదు. పై పైపు మార్చారు. ఇక చూసుకో అన్నారు. ఏం చూసుకోను? మీటర్లో ముల్లు ఎర్ర గీత దగ్గరికి పాకుతోంది, వెనక పిల్లలు పాటలు పాడుతున్నారు. రోడ్డు పక్కన ఆపి, ఇంజన్ చల్లారేదాకా వాళ్లకి కథలు చెప్పుకుంటూ కూర్చున్నాను. ఆనక థర్మోస్టాట్ కూడా మార్చారు, పాపం అది బాగానే ఉంది. ఇక మార్చడానికేమీ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు హెడ్డు గ్యాస్కెట్ పోయిందట.

ఎలా తెలిసిందండీ? ఇంజనాయిల్లో నీళ్లు కలిసి తెల్లగా తేలిందా? లేదు. వెనక గొట్టంలోంచి తెల్ల పొగ వస్తోందా? అదీ లేదు. పైపు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు, అంతే. నాడి చూసే వైద్యుడనుకుంటున్నారా మీరు?

పొద్దున్నే వంగి వ్యాను కింద నేల చూస్తారు. పొడిగా ఉంది, లీకు లేదంటారు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కారిన నీళ్లు ఆ వేడికే ఆవిరైపోతుంటే, తెల్లారేదాకా నేల మీద మీకోసం కూర్చుంటుందా?

అదేం బ్రహ్మవిద్య కాదు కదా. రేడియేటర్ మూత తీసి, అక్కడ ప్రెషర్ టెస్టరు బిగించి, చేత్తో గాలి కొట్టి, ముల్లు నిలబడుతుందా, లీకుండి పడిపోతుందా అని చూడ్డం. మామయ్యగారు షెడ్డు నడిపినన్నాళ్లూ అది పెట్టి చూడకుండా ఒక్క పైపు విప్పేవారు కాదు. మీకు తెలీదా? తెలుసు. కానీ షెడ్డు పంచుకున్నప్పుడు జాకీలు మీకొచ్చాయి, టెస్టరు మీ అన్నయ్యకి వెళ్లింది. ఆ రోజు నుంచీ టెస్టరు పట్టుకున్న ప్రతివాడూ మీ దృష్టిలో పని రానివాడైపోయాడు. పోనీ ఇంకోటి కొనుక్కోవచ్చుగా? కొంటే, అది లేక ఇన్నాళ్లూ తిప్పలు పడ్డారని ఆయనకి తెలిసిపోతుందాయె. మీ పౌరుషానికి నా ఇంజన్ బలి.

నేను ఇంటింటికీ తిరిగి సంపాదించుకున్న బేరాలండీ ఇవి. వ్యాను ఆగితే ఆ తల్లులెవరూ నా కోసం ఎదురుచూడరు. ఇంకో వ్యాను పెట్టుకుంటారు, నన్ను మర్చిపోతారు.

మళ్లీ ఆ బోల్టు మీదికే పోతోందేం చెయ్యి? సరే, చెప్తాను. చెప్పకూడదనే అనుకున్నాను.

నిన్న మీ అన్నయ్య షెడ్డుకి వెళ్లాను. అవును, బావగారి దగ్గరికే. ముందు ఆ పానా కింద పెట్టండి. ఆయన టెస్టరు బిగించి గాలి కొట్టారు, నేను చూస్తూండగానే ముల్లు దిగిపోయింది. టార్చి వేస్తే వాటర్ పంపు కింద చుక్కలు. తెల్లగా చార కూడా కట్టింది, ఎన్నాళ్ల నుంచి కారుతోందో. హెడ్డూ లేదు, గ్యాస్కెట్టూ లేదు.

అక్కడితో వచ్చేస్తే బాగుండేది. ఆయన చేతులు తుడుచుకుంటూ, "మావాడు ఇంకా పైపు పట్టుకుని జాతకాలు చెప్తున్నాడా?" అని నవ్వారు. అక్కడున్న వాళ్లూ నవ్వారు. అంతకంటే పెద్ద మాటలు నేనే ఇంట్లో మిమ్మల్ని ఎన్నో అన్నాను. కానీ ఆయన నవ్వేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"వాటర్ పంపేనని మా ఆయన ముందే చెప్పారు బావగారూ. కొత్తది కూడా తెచ్చారు, ఆదివారం వేసేస్తారు. ఎందుకైనా మంచిదని మీకూ చూపించానంతే" అన్నాను. తడుముకోకుండా అనేశానండీ.

ఆయన నవ్వు ఆగిపోయింది. వంగి ఆ ముల్లుని ఇంకోసారి చూశారు. "టెస్టరు లేకుండానే పట్టేశాడా? నాన్నకైనా టెస్టరు కావాల్సొచ్చేది. ఆయన చెయ్యి వాడికే వచ్చిందన్నమాట" అన్నారు. వెక్కిరింపు కాదు. నిజంగా సంతోషపడ్డారు.

వచ్చే దారిలో పంపు నేనే కొన్నాను, డ్రైవర్ సీటు కింద ఉంది. లేచి బిగించండి. మీ మొహం చూసి చెప్పట్లేదు. ఆ మనిషి నా అబద్ధాన్ని నమ్మి మిమ్మల్ని మెచ్చుకున్నాడు, అందుకు.