కోడలు గోళీలు బందువెట్టిన నాడు

"అమ్మమ్మా, లాక్‌డౌన్ల సుజాతత్త పడిపోయిందంట గద, ఏమైందప్పుడు?"

ఎవలు చెప్పిన్రే నీకు? మీ అమ్మనా? దాని నోట్ల నువ్వుగింజ నానది. సరే కూసో పూజా, చెప్తా. జర ఆ ఫ్యాను తక్కువ చెయ్యి, చెవులల్ల గుయ్యిమంటుంది.

సుజాతకు ఫిట్స్ చిన్నప్పటి సందే ఉన్నయ్. సంబంధం మాట్లాడనీకి సిరిసిల్ల పోయినం గద, అప్పుడే వియ్యంకుడు... ఆయన మా ఆడిబిడ్డ తోడికోడలు తరపాయన, మంచోడు పాపం, ఇప్పుడు లేడు... చాయ్ తాగకముందే చెప్పిండు. "చెల్లె, పిల్లకు మూర్ఛ ఉన్నది. రోజు గోళీ ఏసుకుంటది, ఏసుకుంటే మంచిగుంటది. దాపెట్టి మాత్రం ఇయ్య" అన్నడు. నేను లేచిపోదామన్నట్టు రాజు దిక్కు సూసిన. మీ రాజు మామనే, "నీకు బీపీ లేదానే అమ్మా? నువ్వేసుకుంట లేవా గోళీలు?" అన్నడు. ఇగ చాయ్ తాగి సరే అన్న.

ఇంటికొచ్చినంక మంచిగనే ఉన్నది. అంతల ఈ కరోనా వచ్చిపడె. బట్టలు నేసే సాంచెలు బందైనయ్. ఈ పరాయి రాష్ట్రంల బతుకుదెరువుకొచ్చిన మనోళ్ళు, మన కోసాడ్ బిల్డింగులల్ల సగం మంది, ఊళ్ళకు పోయిన్రు. సుజాతకేమో నాలుగో నెల... కాదు కాదు, ఐదో నెల. మేమెట్ల పోతం?

ఒకనాడు పొద్దుగాల బట్టలు ఆరేస్తుంది. దబ్బుమని సప్పుడైంది. ఉరికి పోయి సూస్తే కింద పడి కాళ్ళు చేతులు కొట్టుకుంటుంది, కండ్లు పైకి పోయినయ్. నేను మొత్తుకున్న. పక్కింటోళ్ళొచ్చిన్రు గాని గడపకాడనే నిలవడ్డరు. కరోనానేమోనని భయం, వాళ్ళ తప్పు లేదులే. ఒకామె "హాథ్ మే చాబీ దో" అని చేతుల తాళంచెవి ఇయ్యుమంటది, ఇంకొకామె నోట్ల చెంచా పెట్టుమంటది. రాజు స్నానంలకెల్లి తడి బట్టలతోనే వచ్చిండు. "ఎవ్వలు ఏం పెట్టకున్రి" అని, బకెటు అవుతలికి నూకి, తల కింద తువ్వాల పెట్టిండు. గట్టిగ పట్టుకోలేదు, గుంజలేదు. మెల్లగ పక్కకు తిప్పి పండవెట్టిండు, సొల్లు బయటికి కారిపోవాలె గద, గొంతుల పడొద్దు. "అయిపోతది సుజా, నేనున్న" అనుకుంట పక్కనే కూసున్నడు.

కొద్దిసేపటికే ఆగింది గాని, నాకు పూట గడిచినట్టైంది. తెలివొచ్చినంక పొట్ట మీద చెయ్యేసుకొని ఒకటే ఏడ్సుడు. "అత్తమ్మా, గోళీలు బందువెట్టిన. బిడ్డకు పడయని ఎవలో అన్నరు. మీకు చెప్తే ఏసుకొమ్మంటరని చెప్పలే" అన్నది.

బిడ్డ మీద ప్రాణంతోనే గద చేసింది. తల నిమిరిన, అంతే.

రాజు, సుజాతను సూసే డాక్టరమ్మకు ఫోను కలిపిండు. ఆమె తిట్టలేదు పాపం. "నన్నడగకుండ మందు ఆపొద్దు బేటా. ఫిట్స్ వచ్చి పడితేనే నీకూ బిడ్డకూ ముప్పు. కడుపుతోని ఉన్నప్పుడు ఏది ఏసుకోవాలె, ఎంత ఏసుకోవాలెనో నేను చెప్తా. ముందుగాల దవాఖానకు రా" అని హిందీల చెప్పింది. అంబులెన్సుల పోయినం. మిషిను పెట్టి బిడ్డ గుండె సప్పుడు ఇనిపించిన్రు. టకటక టకటక... అచ్చం సాంచె నడిసినట్టే! ఊరంత సాంచెలు బందున్నయ్, ఈ ఒక్కటి నడుస్తుంది. సుజాత నా చెయ్యి ఇడిస్తే ఒట్టు.

గోళీలు ఇక్కడ దొరకలె. రాజు సైకిలేసుకొని, పోలీసోళ్ళకు చెప్పుకుంట, ఊరి అవుతలి కొసకున్న అడాజన్ దాంక పోయి తెచ్చిండు. ఆనాటి సంది బువ్వ తినంగనే దాని గోళీ అది, నా బీపీ గోళీ నేను, ఎదురెదురుగ కూసొని ఏసుకుంటం. నేను మరిస్తే అదే నన్ను తిడ్తది.

పాప పుట్టింది, సూస్తున్నవు గద, ఇల్లు పీకి పందిరేస్తది. మూర్ఛ పోయిందా అంటే పోలేదు బిడ్డా, అబద్ధమెందుకు? నడుమ పాపకు జరమొచ్చి రెండు దినాలు నిద్ర లేకుంటె, మల్ల ఒకసారి వచ్చింది. గాని ఇప్పుడు మా ఇంట్ల ఎవలం బుగులుపడం, ఏం చెయ్యాలెనో ఎరుకే.

నీకు గూడ రేపో మాపో సంబంధాలు సూస్తరు. పెద్దిల్లు దొరకాలె అననే నేను. పానం బాగలేకున్నా, మనసు బాగలేకున్నా నోరిప్పి చెప్పుకునే ఇల్లు దొరకాలె నా తల్లికి. సల్లగుండు... ఇట్ల రా, దగ్గరికి రా.