తెల్వక తెచ్చిన గాజులు

"అవ్వా, మా ఆఫీసుల కొత్త సంవత్సరానికి గిఫ్టులు ఇచ్చుకుంటున్నం. చిట్టీల నాకొచ్చినామె ఎవలో నాకు సరిగ తెల్వది. కొంపల్లిల ఏదన్నొకటి కొనేస్త తియ్."

ఏదన్నొకటి అంటవేందే? గట్లనకు. ఆ ఫోను గాడ వెట్టి గిట్ల కూసో. గా ఆట పేరు ఇంటెనే నాకు ఒళ్లు మండుతది. చిట్టీలు దీసుడు, ఎవలకు జెప్పకుండ కొనుడు, నాకు తెల్వదనుకున్నవా? మా కంపెనీల గూడ ఆడిచ్చిన్రు. మూడేండ్లయితాందేమో. కాదు కాదు, మీ తమ్ముడు పదోది పరీచ్చలు రాసిన ఏడు. నాలుగేండ్లు.

నోటుబుక్కుల కంపెనీ, నీకెర్కనే గద, మేడ్చల్ దాటినంక. పద్దెనిమిదేండ్లు జేసిన ఆడ. అత్వెల్లికెల్లి షేర్ ఆటోల పోతుంటి. దినమంత పుస్తకాలు పేర్సుడు, కట్టలు గట్టుడు. నాకేమో ఒక్కచ్చరం రాదు. సదువు రానిదానికి పుస్తకాల నౌకరి అని మీ తాత నవ్వుతుండె. అవి ఖాళీ పుస్తకాలేనయ్యా, అండ్ల సదివేటందుకు ఏమున్నది అంటుంటి నేను.

నా ఎదురుంగ యాదమ్మ కూసుంటుండె. గండిమైసమ్మ కాడికెల్లి వచ్చేది. పద్నాలుగేండ్లు ఒక్క గిన్నెల తిన్నం మేమిద్దరం. నేను సింతకాయ తొక్కు దీస్కపోతె ఆమె జొన్నరొట్టె దెచ్చేది. మీ చిన్నాయిన పెండ్లికి నాలుగు దినాలు సెలవు వెట్టి మా ఇంట్లనే ఉన్నది, పిండివంటలన్ని ఆమె సేతులకెల్లే అయినయి. పండుగలకు మేం ఇచ్చుకోకపోదుమా? ఒకామె గారెలు దెస్తది, ఇంకొకామె పెరట్ల కాసిన బీరకాయలు దెస్తది. ఇయ్యబుద్ధయితె ఇచ్చినం, లేకుంటె లే. ఎవల పేరు ఎవలకొచ్చిందని చిట్టి దీసి సూసినమా?

ఇగ గప్పుడు పట్నంకెల్లి ఒక కొత్త మేడం వచ్చింది. మంచిదే పాపం, నవ్వు మొకం. అందర్ని ఒక్కకాడ నిలవెట్టి, ఈసారి మనం సీక్రెట్ శాంత ఆడుదాం అన్నది. మేమంత ఎవలీ శాంత, కొత్తగ పనికి జేరిందా అని ఒకల మొకం ఒకలం సూస్తున్నం. తర్వాత జెప్పింది, గడ్డం ఉన్న ముసలాయన అంట, ఎర్రంగి అంట. సరే తియ్, ముసలాయనైతె ఏంది, ముసలామైతె ఏంది. డబ్బల సెయ్యి వెట్టుమంటె వెట్టిన. చిట్టి దీసిన.

ఆ చిట్టి ఇంగ్లీషుల రాసి ఉన్నది. యాభై మంది ఆడోళ్లల్ల సదువొచ్చినోళ్లు పది మంది లేరు, ఇంగ్లీషుల రాస్తరా ఎవలన్న? పైకెల్లి ఎవలకు సూపియ్యొద్దంట. సూపియ్యకుంటె నాకెట్ల తెల్వాలె? గేటు కాడి వాచ్‌మన్‌కు సూపిచ్చిన. వాడు ఫోన్ల ఏందో సూస్కుంట, తల గూడ లేపకుండ, యాదమ్మ అన్నడు. అంతే. పేరు పక్కన ఇంకేదో గీకి ఉన్నది, అదేందిరా అనడిగితె, ఏం లేదు పో అవ్వా అన్నడు.

నాకు మస్తు కుషాలైంది. నా యాదమ్మనే వచ్చిందనుకున్న. మేడ్చల్ల గాజుల దుకాణంకు వోయి, ఎర్రయి పచ్చయి కలిపి, మీద బంగారి సుక్కలున్నయి రెండు డజన్లు కొన్న. ఆమెది లావు సెయ్యి, రెండు పది సైజు. గప్పట్ల డజను గాజులు రెండు రూపాలకు వస్తుండె, నా పెండ్లినాటికి. ఇప్పటి ధర నీకు జెప్ప, తిడ్తవు.

అసలు సంగతేందంటె, మా కంపెనీల ఇద్దరు యాదమ్మలున్నరు. ఇంకొకామెను చిన్న యాదమ్మ అంటుంటిమి. కటింగ్ మిషిని కాడ జేస్తది. ముప్పై రెండో ముప్పై మూడో ఉంటయి. ఆ యేడు వానకాలంల, ఆ పిల్ల పెనిమిటి శామీర్‌పేట కాడ బండి మీద పోతుంటె లారీ గుద్దింది. అక్కడికక్కడే పానం పోయింది. ఇద్దరు పిల్లలు, అత్త. పదిహేను దినాలకే మళ్ల పనికొచ్చింది, ఏం జేస్తది మరి.

సమజైందా? ఆ గీకి ఉన్నది కటింగ్ సెక్షన్ అని.

ఇగ ఆ దినం డబ్బలన్ని టేబుల్ మీద వెట్టిన్రు. మేడం ఒక్కొక్క పేరు సదువుడు, వాళ్లు వచ్చి అందరి ముంగటనే తెరుసుడు, ఫోటో దీసుడు. నా డబ్బ అందుకున్నది మేడం. కటింగ్ సెక్షన్ యాదమ్మ అన్నది. అది కాదు మేడం అనబోయిన. గంతల్నే చిన్న యాదమ్మ వచ్చింది. డబ్బ ఇప్పింది.

యాభై మంది కండ్లు ఆ గాజుల మీదనే వడ్డయి. మేడంకు ఏం తెల్సు, నెల కింద వచ్చిన మనిషాయె. "అబ్బ, ఎంత బాగున్నయి యాదమ్మా, ఏస్కో, ఫోటో దీస్త" అన్నది. ఆ పిల్ల మూత వెట్టింది. డబ్బ పొట్టకు ఆనించుకొని నిలవడ్డది. మేడం ఇంకా నవ్వుకుంటనే ఉన్నది. "ఎవలిచ్చిన్రో సెయ్యెత్తాలె ఇప్పుడు."

ఎత్తిన బిడ్డా. ఎత్తకుంటె ఎట్ల? నా యాదమ్మ గూడ నా దిక్కు గుర్రుగ సూసింది.

బువ్వ తినే యాళ్లకు నల్లా కాడ నేను గిన్నె కడుగుతున్న. చిన్న యాదమ్మ నా పక్కకొచ్చింది.

"సత్తెమ్మక్కా, తెల్సి తెచ్చినవా, తెల్వక తెచ్చినవా?"

"నీ మీద ఒట్టు, తెల్వకనే. పెద్ద యాదమ్మకని తెచ్చిన. వాచ్‌మన్ గాడు సక్కగ సదవలే" అన్న. తప్పించుకునే తొందర నాది.

"గట్లనా" అన్నది. డబ్బ నా సేతుల వెట్టింది. "తెల్సే తెచ్చిన అంటె ఏస్కుందునక్కా. ఎవలన్న ఒక్కలు ఏస్కో అంటరేమో అని సూస్తున్న." గంతే అన్నది, మిషిని కాడికి వోయింది.

ఇంటికొచ్చి మీ తాతను తిట్టిన, కోళ్లను తిట్టిన, ఆ మేడంను తిట్టిన, శాంతను గూడ తిట్టిన. ఎవలను తిట్టినా కడుపుల మంట సల్లారలే. ఎందుకంటె, ఇంకో ముచ్చట నీకు జెప్పలే నేను. చిన్న యాదమ్మ పెనిమిటి పదోదినం నాడు నేను గూడ వోయిన ఆమె ఇంటికి. ముసలోళ్లు నలుగురు గూడి ఆ పిల్ల గాజులు పలగ్గొడుతుంటె నేను గాడనే కూసున్న. ఒద్దు అక్కా, ఒద్దు అక్కా అన్నదే, నా దిక్కు జూసి. నేను కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సిన. ఏడ్సుడు ఎవలకు గావాలె?

రెండు దినాలాగి మళ్ల దుకాణంకు వోయిన. ఈసారి రెండు నాలుగు సైజు అడిగిన, ఆమెది సన్న సెయ్యి. అదే నల్లా కాడ, పది మంది సూస్తుండంగ, "గివి తెల్సే తెచ్చిన. సెయ్యి వట్టు" అన్న. వట్టింది. నేనే తొడిగిన, ఒక్కొక్కటి. ఒకటి పలిగింది గూడ.

ఇగ సూడు రచ్చ. వాళ్లత్త నెలరోజులు ఆమె సేతి నీళ్లు తాగలే. ఒకనాడు కంపెనీ గేటు కాడికొచ్చి, నీ ఇంట్ల గిట్లనే జేస్తవా అని నన్ను అడిగింది. జేస్త అన్న. చిన్న యాదమ్మ మాత్రం తియ్యలే. ఇప్పటికి గూడ ఏస్కుంటది, మొన్న మేడ్చల్ల కనవడ్డది, నీలం రంగుయి.

నా యాదమ్మనే పోయింది నాకు. మొదలు కొన్న గాజులున్నయి గద, ఇవి నీకు తెచ్చినయేనే అని ఆమెకు ఇయ్యవోతె, "ముండమోసినామె ముట్టిన గాజులు నాకెందుకు, నా మొగడు సల్లగుండొద్దా" అన్నది. నాకు తిక్క లేసింది. నేనూ ఒక మాట అన్న, అనకూడనిదే అన్న. తెల్లారి బువ్వ గిన్నె దీస్కపోయి వేరేకాడ కూసున్నది. పద్నాలుగేండ్ల దోస్తానా, నాలుగు మాటలల్ల అయిపోయింది. మొన్న బస్టాండు కాడ ఎదురువడ్డది. నేను యాదమ్మా అన్న. మొకం తిప్పుకున్నది. తొక్కు వెట్టిన్నాడు ఆమె యాదికొస్తది, ఇప్పటికి. ఏం జెయ్యాలె, పోయి కాళ్లు మొక్కాల్నా? జేసింది తప్పయితె మొక్కుదు.

అందుకే అంటున్న, ఆ పిల్ల ఎవలో ముందుగాల తెల్సుకో. పోయి పక్కన కూసోని తిను నాలుగు దినాలు. సరే లే, నీకు మల్ల ఆలస్యమైతాంది, పో. నీకు కష్టమొచ్చిననాడు కొంగు నోట్ల కుక్కుకునేటోళ్లు కాదు బిడ్డా, నోరు దెరిసేటోళ్లు ఒక్కలన్న నీ పక్కన ఉండాలె. నేను దండం వెట్టుకునేది గదొక్కటే, నీ కోసం.