పొయ్యిలో పడ్డ పడవ అచ్చులు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే కథ కాదిది. న్యూఫౌండ్‌లాండ్‌లో మా రేవులో పడవలు కట్టే ఆంబ్రోస్ పోయిన పదోరోజు, ఉచితంగా పడవపని నేర్పే సంఘం మాస్టారు ఆయన భార్య ఎఫీ దగ్గరికి వచ్చాడు.

"అత్తా, మామ అచ్చులిస్తావా? సోమవారం కొత్తవాళ్లతో పడవ మొదలెడుతున్నాం."

"ఏ అచ్చులు?"

"గాట్లు పెట్టిన ఆ మూడు పలచటి చెక్కలు. వాటిని ఒకదాని మీద ఒకటి జరుపుకుంటూనే కదా పడవ పక్కటెముకల ఒంపు గీసేది. నాకు రంపం నేర్పాడు గానీ అవి ముట్టనిచ్చేవాడు కాదు. పాత పడవలన్నీ కుళ్లిపోయాయి, మన రేవు పడవల ఒంపు ఆ చెక్కల్లో తప్ప ఇంకెక్కడా లేదు."

"పొయ్యిలో వేశాను."

"వేళాకోళమా?"

"చలేసింది. చేతికందింది వేశాను. మంటలో గాట్లు కనబడ్డాయి. బయటికి తీయగలిగేదాన్నే. తీయలేదు."

"అయ్యో అత్తా! పోనీ, కాగితం మీద ఎక్కడైనా..."

"ఆయనకి రాతెక్కడ వచ్చు? నోటితో చెప్పుకుంటూ గీసేవాడు. టీ తాగుతావా?"

"టీ తర్వాత. నువ్వు విన్నావుగా?"

"నలభై చలికాలాలు విన్నాను. రాసుకో. మొదటి ఎముకకి చెక్క జానెడు జరపాలి. రెండోదానికి నాలుగు వేళ్లు. మూడోదానికి రెండు. నాలుగోదానికి బొటనవేలు మందం."

కొట్లో సరుకులు చెప్పినట్టు చెప్పింది. మాస్టారు గబగబా రాసుకున్నాడు.

"ఐదోదానికి?"

"అక్కడ నోరు మెదిపేవాడు కాదు. కంటితో చూసి గీసేవాడు."

"ఎలా చూసేవాడత్తా?"

"నాకేం తెలుసు? నేను దీపం పట్టుకుని ఆయన్ని చూసేదాన్ని."

ఈ నాలుగు కొలతలూ మనసులో ఉంచుకోండి, పడవలు కట్టేవాళ్లెవరు కనబడినా చెప్పండి. ఐదోది ఎవరికీ తెలియదని కూడా చెప్పండి.