ఎడంచెయ్యి దాచుకున్న మఖిన్

"అమ్మమ్మా, సోమవారానికి మా టీమ్‌లోంచి ఒకరి పేరు ఇమ్మన్నారు, పన్లోంచి తీసీడానికి. గోడౌన్లో లీడర్‌గా ఉన్నప్పుడు నువ్వేటి చేసీదానివి?"

ఏటి చేసీదాన్నా? ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. నువ్వు ఇలగ కిటికీ దగ్గిరికి జరిగి కూకో, కరెంటు నాలుగింటికి గానీ రాదు. ఫోను ఆ కుండకి ఆనించు, పడదు. రికార్డవుతోందా? అవనీ. చేతులు కాళీగా ఎందుకు, ఇదిగో చేట, పెసల్లో రాళ్ళేరుతూ విను. చేతికి పనుంటే చెప్పింది చెవికెక్కుతాది. ఆదివారాలు మన తామ్వే పేట పిల్లలకి తెలుగు అక్షరాలు చెప్పినప్పుడూ నాదిదే పద్దతి.

మాది బోటాటౌంగ్‌లో, రేవు పక్క గోడౌను. మా తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి ఈ దేశమొచ్చి మూటలు మోసిన రేవే. ఆయన నీకు ముత్తాత అవుతాడు... కాదు కాదు, ముత్తాతకి తండ్రి. సరే, అదలాగుంచు. పల్లెల్నించి మినుములొచ్చీవి. ఇండియా ఓడెక్కే ముందు మేం వాటిలో రాళ్ళేరీవోళ్ళం. పన్నెండుమంది ఆడోళ్ళం, నేలమీద రెండు వరసలు. మినపగింజా నలుపే, రాయీ నలుపే. కంటికి దొరకదు, వేలికి దొరకాలి. అర్తమయిందా? అందుకని చెయ్యి మీదే ఉంటాది పనంతా.

నన్ను లీడర్ చేసిన కొత్తలో, లీడరంటే పెద్ద గొంతనుకున్నాను. అప్పుడే మఖిన్ అనీసి ఓ గుంటొచ్చింది, ట్వంటే ఊర్నుంచి. వాళ్ళ నాన్న కుండలు చేసీవోడు. పందొమ్మిదేళ్ళుంటాయేమో, బక్కపల్చగా ఉండీది. కూకోగానే ఎడంచేత్తో ఏరడం మొదలెట్టింది. నాకు వొళ్ళు మండింది. మా అమ్మ అనీది కాదేటి, గింజని ఎడంచేత్తో ముడితే లచ్చిమి నిలవదని. నేనేటన్నానంటే, అందరూ వినీలాగ, "ఇది రేపు జనాలు తినీ తిండి. కుడిచెయ్యి లేదా నీకు?" అనీసాను. ఆ గుంటేమో ఎడంచెయ్యి మోకాలి కింద పెట్టీసుకుని, కుడిచేత్తో ఏరడం మొదలెట్టింది.

పదిహేను రోజులు. దాని సంచిలో రాళ్ళే రాళ్ళు. నేను ఊరుకున్నానేటి? నేర్పాను. పక్కన నిలబడి మూడుసార్లు చూపించాను, బుజ్జగించాను, కసిరాను. చెప్పడమే నేర్పడమనుకున్నాన్లే. ఆకరికి మేనేజరు ఊటిన్ గారు పిలిచి, "మీ సంచుల్లో రాళ్ళొస్తన్నాయి, శనివారానికి ఒకరి పేరు ఇయ్యి, పంపించీడానికి" అన్నాడు. ఆలోచించక్కర్లేదు కదా! పేరు నా నాలిక మీదే ఉంది.

శుక్రవారం మద్యాన్నం మొహింగా తినడానికెళ్ళాం. అప్పట్లో మొహింగా, చేపల పులుసూ సేమ్యాలూ నిండుగా పోసి గుడ్డు కూడా వేసి ఇచ్చీవోడు. ఇప్పుడా డబ్బులకి చెంచా కూడా ఇవ్వరు. ఏటి చెప్తన్నాను? ఆఁ, వాన పట్టీలాగుందని నేను ముందొచ్చీసాను. చూస్తే లోపల మఖిన్ ఒక్కతే. తిండికెళ్ళలేదు, మిగిలిన చేట ఏరుకుంటోంది. ఎడంచేత్తో! కోడి గింజలేరినట్టు టక్ టక్ టక్ అని రాళ్ళు పక్కన పడతన్నాయి. నా పన్నెండుమందిలో అంత బేగి ఏరీది ఎవరూ లేరు. నేను కూడాను.

నన్ను చూసింది. ఆ చెయ్యి చప్పున మోకాలి కిందకెళ్ళిపోయింది.

అది చూసి నాకు... ఏటని చెప్పను. దొంగతనం చేసిన చెయ్యి దాక్కున్నట్టు దాక్కుంది, పాపం. దాని ఎదురుగా కూకున్నాను. "చెప్పొచ్చు కదే" అన్నాను. "అక్కా, నువ్వే వొద్దన్నావు కదా" అంది. అంతే. నీకు తెలుసు కదా, ఇక్కడోళ్ళు 'ఆనా' అంటారు, పెద్దోళ్ళు నొచ్చుకుంటారని తన నోరు తనే నొక్కుకోడం. నేను చేతిని కట్టీసాను, ఆ మర్యాద నోటిని కట్టీసింది. ఇంకెలగ పని నేర్చుకుంటాది?

ఏదీ, నువ్వు ఎడంచేత్తో పది రాళ్ళేరు. ఏరమ్మా. చూసావా, గింజలెలగ జారిపోతన్నాయో! అలగే అది అలవాటు లేని చేత్తో పదిహేను రోజులు ఏరింది.

శనివారం ఊటిన్ గారు పేరడిగితే, "తప్పు నాది, ఇంకో వారం ఇవ్వండి" అన్నాను. ఆయన నవ్వలేదు. "అప్పుడు కూడా రాళ్ళొస్తే ఇద్దరూ వెళ్తారు" అన్నాడు. బయమెయ్యలేదేటి? వేసింది. మీ అమ్మ అప్పుడు రెండో క్లాసు.

మరి అందరి ముందూ తిట్టినదాన్ని, మూలకి పిలిచి "ఏరుకోవే" అంటే సరిపోతాదా? అందరి ముందే చెప్పాను, తెలీక తప్పు చెప్పానని. మాతో ఏరీ పైడమ్మ పిన్ని ఊరుకుంటాదా, "ఏటే అప్పలా, లచ్చిమి రెండు చేతులకీ ఒప్పుకుందేటి?" అంది. గోడౌనంతా నవ్వారు. మఖిన్ కూడా నవ్వింది, అదే మొదటిసారి. దాన్ని వరస చివర ఇటు తిప్పి కూకోబెట్టాను, వెలుగు కుడిపక్కనుంచి పడీలాగ, దాని చేతి నీడ చేటమీద పడకుండా. నేను దాని పక్కనే కూకున్నాను. ఆ వారం నోరిప్పలేదు, చూసాను అంతే.

వారమయ్యాక ఊటిన్ గారు దాని సంచి గుడ్డమీద బోర్లించి తనే వెతుక్కున్నాడు. ఒక్క రాయి లేదు. చేతులు దులుపుకుని, "కుట్టీండి సంచి" అన్నాడు.

తరవాత కొత్తవోళ్ళెవరొచ్చినా మఖిన్ పక్కనే కూకోబెట్టీదాన్ని. నేను మానీసిన్నాడు నా చోట్లో లీడరయింది ఎవరనుకున్నావు? నువ్వు ఫోను ఆనించిన కుండ దానిదే, ట్వంటే నుంచి మొన్న తెచ్చింది.

ఇప్పుడు చెప్పు. మీ పార్శిళ్ళు కట్టీ ఆఫీసులో, నువ్వు పేరివ్వాలనుకుంటన్న ఆ గుంటకి మొదటిరోజు నువ్వేటన్నావు?

"...కూకుని కట్టొద్దు, అందరిలాగ నిలబడే కట్టాలన్నాను."

ఎందుకూ?

"అందరూ అలగే కడతారు కదా."

ఆఁ. తప్పని నేనన్లేదు, నాకేటి తెలుసు. సోమవారం పేరిచ్చీముందు, ఓ పూట దాని పక్కన ఉండి చూడు. అడిగితే చెప్పదు, చూడాలి. చూసాక కూడా దానికి పని అవలేదనుకో, అప్పుడు ఆలోచిద్దుగాని.

నీ చేతికింద పనిచేసినోళ్ళు నీకన్నా పైకెళ్ళాలమ్మా, నువ్వు చూసి నవ్వాలి. ఇంకేటి కోరుకుంటాను... ఆ చేట ఇటు అందుకో. కుడిచేత్తో ఫోను తీసీసావా? ఎడంచేత్తోనే ఇయ్యి, పరవాలేదు.