చూడు మేడం లేని సైన్సు గది

బావగారూ, అమ్మాయీ, హెడ్మాస్టరు గారూ, తోటి టీచర్లూ, తల్లిదండ్రులూ, ముందు వరసలో కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లలూ... ఇంతమంది వచ్చారు. ఈ హాలు ఇలా నిండితే అక్కయ్య ఎంత సంబరపడేది! ఇవాళ ఆవిడ ఫొటో పక్కన నిలబడి నేను మాట్లాడాల్సి వస్తుందని ఎవరమనుకున్నాం? మాట తడబడితే కాస్త ఓపిక పట్టండి.

నేను లెక్కల మాస్టారిని. ఆవిడ సైన్సు టీచరు. స్టాఫ్ రూములో మా కుర్చీలు పక్కపక్కనే. తోబుట్టువు కాకపోయినా నాకు అక్కయ్య. పిల్లలకు మాత్రం చూడు మేడం. చాటుగా పెట్టుకున్న పేరే, కానీ ఆవిడ దానికీ పలికేది.

ఎందుకొచ్చింది ఆ పేరు? ఏటా సైన్సు పోటీకి పంపే పరిశోధనకు పిల్లలు ఒక అంశం ఎంచుకోవాలి కదా. "మేడం, ఏదో ఒక టాపిక్ ఇవ్వండి" అని వెంటపడేవారు. ఇచ్చిందా? ఒక్కనాడూ ఇవ్వలేదు. "ఈ వారం నీకు ఒళ్ళు మండిందెక్కడో చెప్పు" అనేది. చెప్పాక, తీసుకెళ్ళి దాని ముందే కూర్చోబెట్టేది. "ఇక నోరు మూసుకుని చూడు" అనేది. అంతే. పక్కన తనూ కూర్చునేది.

ఒకమ్మాయికి బోర్డు కనిపించదని కోపం. అందరం కళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మన్నాం. అక్కయ్య ఆ పిల్లను ఖాళీ తరగతిలో ఒక్కో బెంచీ మీదా కూర్చోబెట్టింది. కిటికీ వెలుతురు పడి, కొన్ని బెంచీలకు బోర్డు సగం తెల్లగా మెరుస్తోంది! ఏ బెంచీకి ఏ పూట ఎన్ని అక్షరాలు కనబడతాయో ఆ పిల్లే కొలిచింది. ఇన్నేళ్ళుగా ఆ బోర్డు మీద లెక్కలు రాస్తున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

ఇంకొకడు క్యాన్సరుకు మందు కనుక్కుంటానని వచ్చాడు. స్టాఫ్ రూమంతా గొల్లుమంది. అక్కయ్య నవ్వలేదు. "ఇంట్లో ఎవరికిరా?" అని అడిగింది. వాళ్ళ బామ్మకి. "వెళ్ళి బామ్మ పక్కన కూర్చో" అంది. మర్నాడు వాడు ఏడుస్తూ వచ్చాడు. బామ్మకి అట్ట నొక్కి మాత్ర బయటికి తీసుకునే బలం కూడా లేదట. కూరగాయలు తూచే కాటా మీద అట్టలు పెట్టి నొక్కి, ఏ అట్టకు ఎంత బలం కావాలో కొలిచి, తేలిగ్గా తెరుచుకునేవే తెప్పించాడు. బామ్మ దక్కలేదు. కానీ చివరిదాకా మాత్రలు తన చేత్తో తనే తీసుకుంది.

మొన్న ఆసుపత్రికి ఈ పిల్లల్ని నేనే తీసుకెళ్ళాను. ఆవిడ గొంతులో గొట్టం ఉంది, మాట లేదు. "మేడం, మాకింకా టాపిక్ దొరకలేదు" అన్నారు వీళ్ళు. ఆవిడ రెండు వేళ్ళు తన కళ్ళ దగ్గర పెట్టుకుని, చూడమని వాళ్ళ వైపు తిప్పింది. మీకు గుర్తుందా పిల్లలూ? అదే ఆఖరి పాఠం.

రేపటిలోగా అంశాలు పంపాలి. వీళ్ళలో సగం మందికి ఏమీ లేదు. నిన్న ఆవిడ సైన్సు గదిలో ఆవిడలాగే అడిగి చూశాను. నేనే టాపిక్ చెబుతానని అందరూ పెన్నులు పట్టుకున్నారు. అక్కయ్యా, వీళ్ళని ఎవరికి అప్పజెప్పి వెళ్ళావు? నాకు చేతకావడం లేదు!

"ఏదో ఒక మోడల్ కొనిచ్చేద్దాం సార్" అని గుమ్మం దగ్గర ఒక తండ్రి అన్నాడు. మీకు దణ్ణం పెడతాను, ఆ పని చెయ్యకండి. గడువు దాటితే దాటనివ్వండి. పోటీకి వెళ్ళకపోతే పోనివ్వండి. కొన్న మోడల్ మాత్రం ఆ గదిలోకి రానివ్వకండి. అప్పుడు ఆవిడ నిజంగా పోయినట్టే.

దయచేసి అందరూ లేవండి. మౌనంగా నిలబడదాం. కానీ తలలు వంచొద్దు, కళ్ళు మూసుకోవద్దు. పిల్లలూ, మీకు ఇప్పుడు ఎక్కడ మండుతోందో అటే చూడండి. ఆవిడ లేదు కాబట్టి మీ పక్కన నేను నిలబడతాను. మీలో ఎవరికైనా ఒక ప్రశ్న దొరికేదాకా మనం కూర్చోవద్దు.