‘నీకెలా తెలుసు?’ అని అడిగిన యుస్నిదార్ గారు

1989 మార్చి ఆరవ తేదీ, సోమవారం నాడు సుమత్రా దీవిలోని పాడాంగ్ నగరంలో మన ‘తెపియన్’ వారపత్రికలో విలేఖరిగా చేరిన శ్రీమతి యుస్నిదార్ గారు, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. మన మినాంగ్ జాతి మర్యాద ప్రకారం ఆమెను మేమందరం అక్కా అనే పిలుస్తాం. ఈ వ్యాసంలోనూ ఆ పిలుపు దొర్లితే పెద్దలు మన్నించాలి.

తొలి మూడేళ్లు ఆమెకు అప్పగించిన పని బజారులో మిరపకాయల ధరలు సేకరించడం. ధరతోపాటు, ఆ మిరప బుట్టను కొండ దింపిన మనిషి ఎప్పుడు బయలుదేరాడో, దారిలో ఏం తిన్నాడో కూడా ఆమె రాసుకొచ్చేవారు. సంపాదకులు, దివంగత బుస్తామి గారు మొదట ఆ వాక్యాలను కొట్టివేశారు. తరువాత వాటికోసమే ఒక పుట కేటాయించారు. యథార్థాన్ని కథలా ఆసక్తికరంగా, సాక్ష్యంలా నిక్కచ్చిగా చెప్పే విద్య మన పత్రికలో ఆ పుటలోనే పుట్టింది.

1996లో తీరపట్టణం పైనాన్‌కు దక్షిణాన ఒక పడవ మునిగి అయిదుగురు జాలర్లు మరణించారు. వారిలో జామారిస్ అనే యువకుని గురించి అక్క రాసిన కథనం జిల్లా అంతటిచేతా కన్నీరు పెట్టించింది. భార్య రోస్మానీ అందించిన వేడి కాఫీ తాగి అతను సముద్రానికి బయలుదేరడంతో ఆ కథనం ఆరంభమవుతుంది. అది అచ్చయిన నాలుగో రోజున రోస్మానీ మా కార్యాలయానికి వచ్చారు. అప్పట్లో నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి, ఆ గదిలోనే ఉన్నాను.

“ఆ పొద్దున నేను కాఫీ ఇవ్వలేదమ్మా. అసలు పొయ్యే వెలిగించలేదు. ఊరంతా మంచి ఇల్లాలివని మెచ్చుకుంటుంటే తలెత్తుకోలేకపోతున్నాను” అన్నారామె.

ఆమె వెళ్లాక బుస్తామి గారు తేలిగ్గా తీసుకున్నారు. “సముద్రానికి పోయేవాడికి ఏ పెళ్లామైనా కాఫీ ఇస్తుంది. వదిలెయ్యమ్మా.”

“నేనూ అలాగే అనుకుని రాశానయ్యా. ఈమె ఇవ్వలేదు. నేను అడగలేదు.”

మరునాడే అక్క ఆ ఊరికి వెళ్లి, రోస్మానీతో పాటు చేపలు ఎండబెడుతూ పదకొండు రోజులున్నారు. పొయ్యి ఎందుకు వెలగలేదో తొమ్మిదో రోజున గాని తెలియలేదు. పడవ అడుగు పలక కుళ్లిందని, ఎక్కవద్దని ఆమె భర్తతో పోట్లాడారు. ఆ రోజు రాకపోతే ఇక పనిలోకే రావద్దని పడవ యజమాని బెదిరించినందున, అతను ఖాళీ కడుపుతోనే వెళ్లిపోయాడు. అక్క ఊహించి రాసిన అందమైన వాక్యం కింద అసలు కథ కప్పబడిపోయింది.

రెండవ కథనం ‘నేను చూడనిది చూసినట్టు రాశాను’ అనే ఒప్పుకోలుతో మొదలైంది. పత్రిక పరువు పోతుందని సంపాదకులు దానిని వారంపాటు ఆపారు. అక్క తన గుర్తింపు కార్డు ఆయన బల్లమీద పెట్టారు. “ఇది వేయకుండా నేనింకేం రాసినా ఎవరు నమ్ముతారయ్యా? ముందు నేనే నమ్మను” అన్నారు. ఆయన కార్డు వెనక్కి ఇచ్చి, కథనాన్ని అచ్చుకు పంపారు. అది చదివి తక్కిన నలుగురి కుటుంబాలూ ముందుకొచ్చి యజమానిపై కేసు పెట్టాయి. న్యాయస్థానంలో రోస్మానీ మూడు గంటలు తడబడకుండా సాక్ష్యమిచ్చారు. యజమానికి శిక్ష పడింది. అతని మిగతా రెండు పడవలనూ ఒడ్డుకు లాగించారు. పరువు పోతుందన్న పత్రికకు ఆ ఏడు పాఠకులు పెరిగారు.

2004 నుంచి కథనాల విభాగ బాధ్యురాలిగా ఆమె ఇరవై ఏడుగురిని తీర్చిదిద్దారు. మా రాతప్రతుల అంచుల్లో ‘నీకెలా తెలుసు?’ అన్న ఒక్క ప్రశ్నే ఎర్రసిరాతో కనిపించేది. ఒక అంత్యక్రియల వార్తలో నేను ‘ఆకాశం దుఃఖించింది’ అని రాస్తే, వాతావరణ కార్యాలయానికి ఫోన్ చేయించారు. ఆ రోజు ఎండ మండిపోయిందట. 2009 భూకంపంలో స్వగృహం గోడ కూలినా, శిథిలాల్లో విద్యార్థుల కోసం వెతుకుతున్న ఒక ఉపాధ్యాయిని వెంట ఆరు రోజులు నడిచి ఆమె రాసిన కథనాన్ని నేటికీ మన శిక్షణార్థులచేత చదివిస్తున్నాం.

భర్త జాఫ్రి గారితోనూ, ఇద్దరు కుమార్తెలతోనూ యుస్నిదార్ గారు ఆయురారోగ్యాలతో, నిండు సంతోషంతో చిరకాలం వర్ధిల్లాలని యావత్ సిబ్బంది పక్షాన ఆకాంక్షిస్తున్నాను. ప్రతి శుక్రవారం పత్రిక మీ ఇంటికి చేరుతుందక్కా. తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా ఫోన్ చేయమని మాత్రం కోరను. మీకు మొహమాటమనేది ఉన్నట్టు మాలో ఎవరి దగ్గరా ఆధారం లేదు.

— ఎర్మన్ జలీల్, సంపాదక విభాగం