గిడ్డమ్మ గడప నుంచి తొమ్మిదడుగులు

వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై ఏడవ సంవత్సరం జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, నందికొట్కూరు నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ల శ్రీ షేక్ రబ్బానీ గారు మన పురపాలక సంఘం నీటి సరఫరా విభాగంలో దినకూలీగా చేరి, వాల్వులు తిప్పే ఇనుప రాడ్డును భుజాన వేసుకున్నారు. ఆనాడు భుజానికెక్కిన రాడ్డు, నెల తక్కువ ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, ఈ మే ముప్పై ఒకటవ తేదీన దిగుతున్నది.

ఆ ఉదయం కాలువలో పూడిక ఎత్తుతున్న పారిశుద్ధ్య కార్మికురాలు గిడ్డమ్మ, అనగా ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాస్తున్న మనిషి, ఆయన పొట్టి ఆకారాన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమప్పా, నువ్వు రాడ్డును మోస్తాండావా, రాడ్డు నిన్ను మోస్తాండాదా?"

"ఒకర్నొకరం మోసుకుంటాం లేక్కా," అన్నారాయన. అన్నట్టే మోసుకున్నారు.

భూమిలోని గొట్టాల పటాలు ఆయన చేరేనాటికే చెదలపాలై ఉన్నాయి. ఏ వాల్వు ఏ మన్ను కింద ఉన్నదో చెప్పగలిగిన పెద్దవారు ఒక్కొక్కరే విరమించి వెళ్లిపోతుండగా, రబ్బానీ గారు వారి వెంట వీధివీధీ తిరిగి, ఒక నోటు పుస్తకంలో కొలతలు రాసుకున్నారు. మసీదు మెట్టు నుంచి పన్నెండు అడుగులు, నాగన్న అరుగు నుంచి ఆరడుగులు, గిడ్డమ్మ గడప నుంచి తొమ్మిదడుగులు. ఎందుకప్పా మా గడపలన్నీ రాసుకుంటావని అడిగితే, "రాతి గడపను చెదలు తినవు గదక్కా" అనేవారు.

1994లో ఉద్యోగం స్థిరపడి ఫిట్టరు అయ్యారు. కె.సి. కాలువకు నీళ్లు రాని కరువు సంవత్సరాలలో ట్యాంకరు వెంట నిలబడి, బిందెల పోట్లాటల నడుమ తిట్లు తిని, ఎవ్వరినీ తిరిగి ఒక్క మాట అనలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు మన ఊరి నుంచి సాయానికి వెళ్లిన బృందంలో ఆయన గొట్టాలలో బురద తీస్తే, గిడ్డమ్మ తోటివారితో కలిసి వీధుల్లో బురద ఎత్తింది. పది రోజుల తర్వాత ఒక కొళాయిలో తొలిసారి తెల్లటి నీళ్లు దూకినప్పుడు, ఆ ఇంటి ముసలామె ఆయన తల నిమిరి మెటికలు విరిచిన దృశ్యం గిడ్డమ్మ కళ్లలో ఇంకా తడిగానే ఉన్నది.

ఇక చెప్పవలసిన అసలు మాటకు వస్తాను. ఎనిమిదేళ్లుగా మన కార్యాలయంలో రబ్బానీ గారిని "తొమ్మిదడుగుల రబ్బానీ" అని ఆట పట్టిస్తున్నారు. ఐదడుగుల మనిషికి తొమ్మిదడుగుల పేరు! ఆ పేరు ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. ఎందుకు వచ్చిందో మాత్రం ఇద్దరికే తెలుసు.

2017 జూన్ మొదటి వారం. రంజాన్ నెల. దిగువ వీధిలో మురుగు కాలువ గుండా పోతున్న మంచినీటి గొట్టం పగిలి, ఇద్దరు పిల్లలు, ఒక బాలింత వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. ఇంజనీరు సుధీర్ గారు వెంటనే ట్యాంకు మూయించారు. ఆ ఒక్క వీధికి పోయే వాల్వును మూస్తే తప్ప, తక్కిన ఊరికి నీళ్లు వదిలే వీలు లేదు. ఆ వాల్వు గిడ్డమ్మ ఇంటి ముందు, కొత్తగా పోసిన సిమెంటు రోడ్డు కింద ఉన్నది.

రబ్బానీ గారు పుస్తకం తెరిచి, గిడ్డమ్మ గడప నుంచి తొమ్మిదడుగులు కొలిచి, రోడ్డు పగలగొట్టించారు. వాల్వు లేదు. కుడికి తవ్వారు, ఎడమకు తవ్వారు. గడప మీద నమ్మకంతో వెనక్కి మాత్రం తవ్వలేదు. ఊరు ఊరంతా ఖాళీ బిందెలతో గుంత చుట్టూ చేరింది.

"ఏమప్పా రబ్బానీ, వాల్వు కోసరమా, లంకెబిందెల కోసరమా ఈ తవ్వుడు?" అన్నాడు పొరుగింటి నాగన్న.

"తొమ్మిదడుగులంట తొమ్మిదడుగులు! ఆ పుస్తకం తీసకపోయి కాలవలో కలుపప్పా," అని మరొకరు.

ఒక్కపొద్దు మీద ఉన్న ఆ మనిషి గుటకైనా మింగకుండా, ఎండలో మోకాళ్ల మీద కూర్చొని ఆ గుంతనే చూస్తున్నారు. గిడ్డమ్మ పొరక పట్టుకొని నిలబడి ఉన్నది. ఆమెకు తెలుసు. రెండేళ్ల కిందట, రబ్బానీ గారు చెరువు కాపలా పనిలో ఉన్న రోజుల్లో, కోడలి కాన్పుకు ఒక గది కావాలని ఆమె ఇల్లు పెంచి కట్టించి, మెట్లతో సహా గడపను కాలువ మీదికి మూడడుగులు ముందుకు జరిపింది. చెబితే మెట్లు కొట్టేస్తారు, ఉద్యోగం మీదికి వస్తుందనే భయంతో పొద్దున్నుంచి నోరు విప్పలేదు. మధ్యాహ్నం ఆయన పెదవులు ఎండి చిట్లడం చూశాక, ఇక తాళలేక పక్కకు పిలిచింది.

"గడప జరిగిండాదప్పా. మూడడుగులు. నేనే జరిపించినా."

ఆయన చేతిలోని పుస్తకం మూశారు. "కాలవలు కడిగే మనిషి కాలవ మీదికి రాదని గదక్కా, ఈదిలో ఇన్ని గడపలుండంగ నీ గడప రాసుకుంటి!"

"శానా తప్పైపాయె. సారుకు నేనే చెప్తా పద."

"ఇప్పుడొద్దక్కా. రిటైరయ్యే కాలంలో నీకేంటికి ఈ రచ్చ? ముందు నీళ్లు పోనీ."

మూడడుగులు వెనక్కి తవ్వగానే వాల్వు దొరికింది. సాయంత్రం అది మూసి, ట్యాంకు తెరిచి, గుంత ఒడ్డునే కూర్చొని, ఒక ఖర్జూరంతో, గిడ్డమ్మ బడిలోని బోరింగు నుంచి తెచ్చిన చెంబెడు నీళ్లతో ఆయన ఒక్కపొద్దు విడిచారు. పగలంతా ఎందుకు వృథా అయిందని ఇంజనీరు గారు అడిగితే, "నేనే తప్పు కొలిస్తి సార్" అన్నారు. మరునాడు అశ్రద్ధ అని మెమో వచ్చింది. సుధీర్ గారిని అనడానికి లేదు. ఆయన చూసినది గుంతను, విన్నది ఒప్పుకోలును.

ఆ వారమే గిడ్డమ్మ తానే దగ్గరుండి మెట్లు కొట్టించి, గడపను పాత చోటికి తెచ్చుకున్నది. కానీ నోరు మాత్రం విప్పలేదు. విరమణ పొంది ఆరేళ్లైనా, ఆ ఎగతాళి పేరు చెవిన పడినప్పుడల్లా తల వంచుకున్నదే తప్ప, నిజం చెప్పలేదు. వద్దన్నది ఆయన మంచితనం. ఊరుకున్నది ఈమె పిరికితనం.

కావున రబ్బానీ గారి వీడ్కోలుకు వేస్తున్న ఈ సంచిక చదివే అధికారులకు, తోటివారికి, ముఖ్యంగా ఆయన సతీమణి రుఖియా గారికి, కుమార్తె సాజియాకు గిడ్డమ్మ చేతులు జోడించి చెప్పుకుంటున్నది: ఆ కొలత తప్పు కాదు. తప్పినది గడప. ఆ మెమో ఆయనది కాదు, నాది. ఆయన వదిలి వెళ్తున్న నోటు పుస్తకాన్ని మన విభాగంలో పటంగా భద్రపరచి, ఒక్కో పేజీ చూసి నమ్మండి, నమ్మదగినదే.

అల్లా దయవల్ల, మా చౌడమ్మ తల్లి చల్లని చూపువల్ల రబ్బానీ గారు నిండు నూరేళ్లు మోకాళ్ల నొప్పి ఎరగకుండా, రుఖియా గారితో, మనవళ్లతో చల్లగా ఉండాలి. ఒక సాయంత్రం టేపు, రాడ్డు ఇంట్లో పెట్టి మా ఇంటికి రండప్పా. గడప మీరు రాసుకున్న చోటే ఉన్నది. దాని మీద కూర్చొని, మీరు వదిలిన నీళ్లే ఒక చెంబెడు తాగి పోదురు.

— గిడ్డమ్మ,
విశ్రాంత పారిశుద్ధ్య కార్మికురాలు